తాగుడు మానడం: ఇంట్లోనా, ఆసుపత్రిలోనా?

కర్నూలులో మా వీధిలో ఎవరైనా తాగుడు మానతానంటే, ఇంటివాళ్లకు ముందుగా తోచేది గదిలో ఉంచి కాపలా కాయడమే. ఖర్చు ఉండదు, నలుగురికీ తెలియదు. అప్పుడప్పుడూ కొద్దిగా తాగేవారికి వైద్యుడి సలహాతో ఇల్లు సరిపోవచ్చు.

ఏళ్ల తరబడి పొద్దున లేస్తూనే తాగేవారి సంగతి వేరు. మద్యం మెదడును మందగింపజేస్తుంది, దాన్ని తట్టుకోవడానికి మెదడు ఉద్రేకం పెంచుకుంటుంది. ఒక్కసారిగా ఆపితే ఆ ఉద్రేకానికి పగ్గం ఉండదు. కొన్ని గంటల్లో చేతులు వణుకుతాయి. మొదటి 48 గంటల్లో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించి, సొంత మనుషులనే గుర్తుపట్టకపోవచ్చు. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టించవద్దు, దయచేసి! ఆ స్థితిలో ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో బి1 విటమిన్ ఇస్తారు, వణుకు తగ్గించే మందును రోజురోజుకూ తగ్గిస్తూ వస్తారు. ఇలాంటివారికి నేను ఆసుపత్రే అంటాను.

కానీ అక్కడ తేరుకునేది ఎక్కువగా శరీరమే. తర్వాతి నెలలు ఇంటివే: జీతం రోజు, పెళ్లి విందు, పాత స్నేహితుడి పిలుపు. మళ్లీ తాగితే తిట్టకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. దారి తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌కు, 14416 నంబరుకు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.