సాప్స్: పాస్‌వర్డులు గిట్‌లోనే, అయినా టెన్షన్ లేదు

మాది చిన్న టీమ్, కోడ్ మార్పుల చరిత్రంతా గిట్ అనే టూల్‌లో ఉంటుంది. సీక్రెట్ల (పాస్‌వర్డుల లాంటి రహస్య సమాచారం) కోసం విడిగా ఒక సర్వర్ పెట్టి, దాన్ని మేపే ఓపిక లేక సాప్స్ తీసుకున్నాం. 2015లో మొజిల్లాలో పుట్టిన ఉచిత టూల్ ఇది. నాకు బాగా నచ్చిందేంటంటే, యామల్ ఫైల్లో (సెట్టింగ్‌లను పేరు, విలువ జతలుగా రాసే ఫైల్) పేర్లను వదిలేసి విలువలను మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే కీ లేనిదే చదవలేకుండా మారుస్తుంది. 'డీబీ పాస్‌వర్డ్' అన్న పేరు అలాగే ఉంటుంది, పక్కన అర్థం కాని అక్షరాల గుంపు. అందుకే ఎవరు ఏ సెట్టింగ్ ముట్టుకున్నారో గిట్ డిఫ్‌లో (పాత, కొత్త ఫైళ్ల తేడా చూపేది) ఇట్టే తెలిసిపోతుంది. సాప్స్‌తో తెరిస్తే ఫైల్ ఎడిటర్‌లో మామూలుగా తెరుచుకుంటుంది, సేవ్ చేసి మూయగానే మళ్లీ తాళం. కీల కోసం పీజీపీ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి జోలికి పోకండి, ఏజ్ అనే సులువైన ఎన్‌క్రిప్షన్ టూల్ వాడండి, ప్రాణం హాయిగా ఉంటుంది.

ఒక్కటి చూసుకోండి. ఎవరైనా ఉద్యోగం మానేస్తే ఫైల్ తెరవగల కీల లిస్టులోంచి వాళ్ల కీ తీసేస్తే సరిపోదు. పాత కమిట్లు (గిట్‌లో దాచిన పాత వెర్షన్లు) వాళ్ల కీతో ఇంకా తెరుచుకుంటాయి. అసలు పాస్‌వర్డులే మార్చాలి, ఆ పని సాప్స్ చేసిపెట్టదు.