విశాఖ పూర్ణా మార్కెట్‌లో దినకర్మల సామాను కొట్టు: నా అనుభవం

అమ్మ పోయిన రెండో రోజు ఈ కొట్టుకి వెళ్లాను. అంతకుముందే ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించాం. నువ్వులకి పురుగు పట్టింది, దర్భలు విరిగిపోయాయి, సగం వస్తువులు రానే లేదు. మా పురోహితులుగారే పూర్ణా మార్కెట్‌కి వెళ్లమన్నారు. పూజ సామాన్ల వరుసలో చివరిది, బోర్డు ఉండదు.

కొట్టాయనకి డెబ్బై దాటి ఉంటాయి. నా చీటీ చూడకుండానే "ఎవరు బాబూ, అమ్మా, నాన్నా?" అని అడిగారు. నిత్యవిధికి రోజుకో పొట్లం కట్టి, నంబర్లు వేశారు. కడుతూనే చెప్పారు: మొదటి రోజు పిండంతో పోయినవాళ్లకి తల ఏర్పడుతుందట, పదో రోజుకి ఆకలిదప్పులు వస్తాయట. ఆ తర్వాత యమపురి దాకా ఏడాది నడక. గరుడ పురాణంలో ఉన్నదే, కానీ నాకు ఎవరూ అంత నెమ్మదిగా చెప్పలేదు.

దానాలకి గొడుగు, చేతికర్ర, చెప్పులు కావాలన్నాను. గొడుగు విప్పి ఒక్కో ఊచనీ వేలితో నొక్కి చూశారు. ఒకటి వదులుగా ఉందని దాన్ని పక్కన పెట్టేసి ఇంకోటి తీశారు. తర్వాత "అమ్మగారి చెప్పుల సైజెంత?" అన్నారు. "పుచ్చుకునేది ఎవరైనా, నడిచేది ఆవిడ కదా."

నాకు తెలీదు. చెల్లికి ఫోన్ చేస్తే "ఆరు" అంది.

ఇరవై రెండేళ్లుగా డిగ్రీ పిల్లలకి ప్రాచీన చరిత్ర చెబుతున్నాను. 1922లో బయటపడ్డ ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో వందకు పైగా చేతికర్రలు, బోలెడన్ని చెప్పులు దొరికాయని ఏటా చెప్తాను, జాబితా చదివినట్టు. ఆ ఆరో నంబరు జత చేతిలోకి తీసుకున్నాకే, అవి పెట్టినవాళ్ల మనసు నాకు తెలిసింది. గ్రీకులు శవం నోట్లో పెట్టే నాణెం పడవవాడు కేరన్‌కి ఇచ్చే రేవు కూలి. వైతరణి దాటడానికి మనం గోదానం ఇస్తాం. మెసొపొటేమియాలో పోయినవాళ్లకి తిండీ నీళ్లూ విడవడాన్ని కిస్పు అనేవారు. పోయాక ఎవరూ ఏమీ విడవనివాడు వీధిలో పారేసిన ఎంగిలి తింటాడని అక్కడి ప్రాచీన కావ్యం గిల్గమేష్ పన్నెండో పలకలో ఉంది. ఆ మాట ఎన్నిసార్లు చదివానో. కొట్టు ముందు నిలబడి తల్చుకుంటే మాత్రం కడుపులో దేవేసినట్టయింది.

మొత్తం 3,850 రూపాయలు అయింది. ఫోన్‌పే ఉంది. శయ్యాదానానికి మంచం, పరుపు ఇక్కడ దొరకవు, వేరేచోట చూసుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసేస్తారు. కారు లోపలికి పోదు, స్కూటర్ మీద వెళ్లండి. విప్పని పొట్లాలు రెండు మిగిలితే, నేను అడక్కుండానే డబ్బు వెనక్కి ఇచ్చేశారు.

మాసికాలకి నువ్వులు, దర్భలు ఇక్కడే తీసుకుంటున్నాను. వచ్చే గురువారం నాలుగోది.