వేలూరు ప్యాకేజీలో “వీల్‌చైర్ రూమ్” అన్నారని డబ్బు కట్టేయకండి

వైద్యానికి వేలూరు వెళ్ళేవాళ్ళు, అందులోనూ ఇంట్లో వీల్‌చైర్‌లో తిరిగేవాళ్ళున్నవాళ్ళు, ఏజెంటుకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని మా తమ్ముడికి నడుం కింద స్పర్శ లేదు. సీఎంసీ (వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి) వాళ్ళు బాగాయంలో ఉన్న తమ రిహాబ్‌కి, అంటే పునరావాస కేంద్రానికి రమ్మన్నారు. డాక్టర్ మేరీ వర్గీస్ తానూ వీల్‌చైర్‌లోనే ఉంటూ 1966లో మొదలుపెట్టిన చోటు అది. అక్కడ మాకు ఏ లోటూ జరగలేదు. కష్టమంతా బయటే.

రాజమండ్రిలో ఒక ఏజెంటు దివ్యాంగుల స్పెషల్ ప్యాకేజీ అన్నాడు. కాట్పాడి స్టేషన్‌కి ర్యాంపున్న వ్యాను, ఆసుపత్రి ఎదురుగా వీల్‌చైర్ రూము, ఆరు రోజులకి 28,000. ఫోటోలు చూసి మొత్తం ముందే కట్టేశాం. తప్పు మాదే.

కాట్పాడిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ దిగి చూస్తే వచ్చింది మామూలు కారు. డ్రైవరూ మా ఆయనా కలిసి తమ్ముణ్ణి ఎత్తి కూర్చోబెట్టారు. లాడ్జి ఆసుపత్రి ఎదురుగానే ఉంది, కానీ ఊళ్ళోని సీఎంసీ పెద్దాసుపత్రి ఎదురుగా. బాగాయం అక్కణ్ణుంచి కిలోమీటర్ల దూరం. రోజూ ఆటో ఎక్కించడం, దించడం.

లాడ్జి గుమ్మానికి రెండు మెట్లు, కలిపి 14 అంగుళాల ఎత్తు. వాటి మీద నాలుగడుగుల చెక్క వాల్చి అదే ర్యాంపు అన్నారు. ప్రభుత్వ ప్రమాణం అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు, అంటే అక్కడ 14 అడుగులుండాలి. లిఫ్ట్ ఉంది, ఐదు మెట్లెక్కాక. బాత్రూం తలుపు టేపు పెట్టి కొలిచాను: 22 అంగుళాలు. మా కుర్చీ 25. పైగా లోపలికి దిగడానికి గట్టు. చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలో వాణ్ణి కూర్చోబెట్టి, ఇద్దరం ఎత్తి లోపల పెట్టి స్నానం చేయించాం. మూడో రోజు ఒళ్ళు తుడుస్తుంటే పిరుదు మీద రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ కనిపించింది. వేలితో నొక్కితే తెల్లబడలేదు. ఒకేచోట ఒత్తిడి పడి వచ్చే పుండుకి అది మొదలు. వాడికి నొప్పే తెలియదు, నేను చూడకపోతే ఏమయ్యేదో! ఆ తర్వాత స్నానం మానేసి మంచం మీదే తుడిచాం.

ఏజెంటుని అడిగితే లాడ్జివాళ్ళు అలాగే చెప్పారన్నాడు. లాడ్జివాళ్ళేమో వీల్‌చైర్ సంగతి మాకెవరూ చెప్పలేదన్నారు. రూపాయి వెనక్కివ్వలేదు. తమ్ముడికి రైల్వే రాయితీ కార్డుంది, థర్డ్ ఏసీలో వాడికీ తోడు వెళ్ళే ఒకరికీ 75 శాతం తగ్గుతుంది. ఏజెంటు అదీ అడక్కుండా పూర్తి ఛార్జీకే టికెట్లు తీశాడు.

మీరు ఫోటోలు నమ్మకండి. లాడ్జికే ఫోన్ చేసి, వీడియో కాల్‌లో గుమ్మం నుంచి బాత్రూం దాకా నడిచి చూపించమనండి, తలుపుకి టేపు పెట్టమనండి. కుదరదంటే ఆ గది వదిలేయండి. అపాయింట్‌మెంట్ ఏ క్యాంపస్‌లోనో చూసుకున్నాకే గది తీసుకోండి, రాణిపేటలోనూ సీఎంసీ క్యాంపస్ ఉంది. ఏజెంటు ఒప్పుకున్నవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. మా దగ్గర ఆ మెసేజ్‌లు ఉండబట్టే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయగలిగాం. తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు ఉండదు.

మూడు నెలల్లో మళ్ళీ వెళ్ళాలి. బాగాయం వైపు కింద అంతస్తులో గది ఎవరికైనా తెలిస్తే, బాత్రూం తలుపు ఎన్ని అంగుళాలో కూడా చెప్పండి.