దసరా వారంలో మా పది లీటర్ల టిల్టింగ్ గ్రైండర్

విజయవాడ వన్‌టౌన్‌లో హోటల్ నడిపేవారికి ఏడాదిలో మిగిలిన వారాలన్నీ ఒక ఎత్తు, దసరా వారం ఒక్కటీ ఒక ఎత్తు. ఆరు బల్లలున్న మా టిఫిన్ హోటల్‌కు ఆషాఢంలో కొన్న పది లీటర్ల టిల్టింగ్ గ్రైండర్ గురించి అప్పుడే రాయాలనుకున్నాను గాని, రోజుకు రెండు వాయిలు రుబ్బినందుకే యంత్రాన్ని మెచ్చుకోవడం తొందరపాటు అనిపించి ఆగాను. శరన్నవరాత్రులలో, ముఖ్యంగా మూలా నక్షత్రానికి అటూ ఇటూ ఉన్న రోజుల్లో, అది రోజుకు ఆరేడు వాయిలు రుబ్బింది. ఒక రాత్రి రుబ్బడం మానేసింది కూడా. ఆ రెండూ చూశాక రాస్తున్న సమీక్ష ఇది.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ కొలతలో దొరికే యంత్రాలు చాలావరకు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. మాది కూడా కోయంబత్తూరు నుంచి వచ్చినదే. గ్రైండర్ల తయారీకి ఆ ఊరు ఎంతగా పేరుపడిందంటే, కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. స్టీలు డ్రమ్ము, అడుగున రాయి, పైన పొత్రం, వెనక మూత కింద ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు, మోటారు నుంచి డ్రమ్ముకు బెల్టు. ఉన్నది ఇంతే. బిల్లు ముప్పై వేలు దాటింది.

దీనికి ముందు మా దగ్గర కదలని రోలు ఉన్న పాత గ్రైండరు ఉండేది. పిండి నలగడంలో దానికి వంక పెట్టలేము. అయితే ప్రతి వాయికీ నడుము వంచి, మోచేతి దాకా చేయి పెట్టి పిండి తోడుకోవలసి వచ్చేది. చివరి గుప్పెడు పిండి ఎప్పుడూ రాయి అడుగునే ఉండిపోయి, మరుసటి వాయికి పులుపు అంటించేది. కొత్త యంత్రంలో పొత్రం పైకెత్తి, పిన్ను తీసి, పిడి పట్టుకుని డ్రమ్మును వంచితే పిండి తనంతట తానే బేసిన్‌లోకి జారుతుంది. కడగడం కూడా అంతే, నీళ్లు పోసి రెండు చుట్లు తిప్పి వంచేయవచ్చు. వంటింట్లో ఒక మనిషి తక్కువైన రోజున ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది. మాకు ఆ వారమంతా మనిషి తక్కువే. అష్టమికి ఊరు వెళ్తానన్న దోసె మాస్టరు చెప్పినదానికి రెండు రోజుల ముందే వెళ్లిపోయాడు.

పిండి నాణ్యత గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేవారు అడగవలసింది ముందుగా అదే. మేము ఇడ్లీకి ఒక వంతు మినపగుండ్లు, రెండు వంతుల ఇడ్లీ రవ్వ వాడతాము. డ్రమ్ము పది లీటర్లదని మినప్పప్పు ఇష్టం వచ్చినంత వేయడానికి లేదు. రెండు కిలోలు దాటితే పప్పు పొంగి అంచు మీదికి వస్తుంది. ఆ రెండు కిలోలూ ఐసు నీళ్లు కొంచెం కొంచెంగా చిలకరిస్తూ రుబ్బితే సుమారు అరగంటలో వెన్నలా అవుతుంది. గిన్నెలో నీళ్లు పోసి చిటికెడు పిండి వేస్తే మునగకుండా తేలాలి. ఆ వారంలో నేను ప్రతి వాయికీ ఈ పరీక్ష చేశాను, ఒక్కసారి కూడా మునగలేదు. మామూలు నీళ్లతో రుబ్బిన రోజు మాత్రం మూడో వాయి నుంచి పిండి చేతికి వెచ్చగా తగిలింది. మా ఊరి ఎండకు అలాంటి పిండి తెల్లవారకముందే పులిసి కూర్చుంటుంది. అందుచేత ఐసు ఖర్చును కూడా యంత్రం ఖర్చులోనే కలుపుకోవాలి.

గారెల పిండి దగ్గర దీని బలహీనత బయటపడుతుంది. నీళ్లు తక్కువగా, గట్టిగా రుబ్బాలి కాబట్టి పప్పు డ్రమ్ము అంచులకు అతుక్కుపోతుంది, దాన్ని లోపలికి తోయవలసిన ప్లాస్టిక్ పలక వంగిపోతుంది, పొత్రం ఉత్తినే తిరుగుతుంది. ఎవరో ఒకరు చెక్క గరిటెతో పక్కనే నిలబడవలసిందే. నవరాత్రులలో ఇది మాకు పెద్ద ఇబ్బంది అయింది. భవానీ దీక్షలో ఉన్నవారు, ఉపవాసం విరమించి వచ్చేవారు ఉల్లిపాయ లేని టిఫినే అడుగుతారు. దానితో ఉల్లి పెసరట్టు, ఉప్మా అడిగేవారు తగ్గి, భారమంతా ఇడ్లీ, గారెల మీద పడుతుంది. కెనాల్ రోడ్డు వినాయకుడి గుడి దగ్గర మొదలయ్యే క్యూలో గంటల తరబడి నిలబడి, కొండెక్కి దిగివచ్చిన మనిషికి గారె ఇంకా కాలేదని చెప్పడం ఎంత కష్టమో ఆ క్యూలో నిలబడినవారికే తెలుస్తుంది.

ఇక ఆ రాత్రి సంగతి. మూలా నక్షత్రం నాడు అమ్మవారు సరస్వతీదేవి అలంకారంలో దర్శనమిస్తారు. నవరాత్రులలో మాకు అన్నిటికంటే రద్దీ ఉండేది ఆనాడే. వాహనాలు ఎలాగూ లోపలికి రానివ్వరని నాలుగు కమర్షియల్ సిలిండర్లు ముందే దించుకున్నాము, పాలవాడిని మూడు గంటలకల్లా రమ్మన్నాము, అన్నీ సర్దుకున్నామనే ధీమాతో ఉన్నాము. రాత్రి రెండు దాటాక, నాలుగో వాయి సగంలో ఉండగా, రబ్బరు కాలిన వాసన వచ్చింది. గ్రైండర్ దగ్గరున్న కుర్రవాడు కేకేశాడు.

“అక్కా, మోటారు తిరుగుతోంది గానీ డ్రమ్ము తిరగట్లేదక్కా!”

వెనక మూత విప్పి చూస్తే బెల్టు రెండు ముక్కలై పడి ఉంది. డ్రమ్ములో పప్పు ఇంకా బరకగానే ఉంది. కంపెనీ సర్వీసు నంబరుకు ఫోను చేస్తే, పని దినాలలో ఉదయం పది తరువాత సంప్రదించమని రికార్డు చేసిన గొంతు చెప్పింది. చేసేది లేక, సగం నలిగిన పప్పునూ నానిన మిగతా పప్పునూ రెండు బేసిన్లకు ఎత్తి, గుడ్డ కప్పి, దర్శనానికి వెళ్లే జనంలోంచి దారి అడుగుతూ వీధి చివరి హోటల్‌కు మోసుకుపోయాము. ఆ బాబాయిగారిది పాతకాలపు రోలు గ్రైండరు. “నాది అయ్యేసరికి మూడున్నర అవుతుందమ్మా, తరవాత తెల్లవార్లూ నీదే” అన్నారు. మేము వదిలించుకున్న రకం యంత్రమే ఆ పూట మా పరువు నిలబెట్టింది. ఇడ్లీ గంటన్నర ఆలస్యమైంది. గారెలు ఆ పూటకు లేవని బోర్డు పెట్టాము.

ఉదయం మావారు తెగిన ముక్క పట్టుకుని, బారికేడ్లు తప్పించుకుంటూ ఆటోనగర్ వెళ్లి కొత్త బెల్టు తెచ్చారు. ముక్కెందుకంటే, బెల్టు మీది నంబరు రాపిడికి పూర్తిగా చెరిగిపోయింది, యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో ఆ నంబరు ఎక్కడా లేదు. బెల్టు ధర కొన్ని వందలే. బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కంపెనీ వారు విజయదశమి వెళ్లాక మూడో రోజున ఫోను చేసి, సమస్య తీరిందా అని ఎంతో మర్యాదగా అడిగారు.

తప్పు పూర్తిగా యంత్రానిదే అనలేను. వాయికీ వాయికీ మధ్య ఇవ్వవలసిన విరామం మేము ఇవ్వలేదు; గారెల పిండి మోటారు మీద ఎంత బరువు వేస్తుందో తెలిసీ రెండు వాయిలు వరుసగా వేశాము. కానీ హోటళ్ల కోసమని అమ్మే యంత్రంతో పాటు ఒక బెల్టు అదనంగా ఇవ్వకపోవడం, కనీసం దాని నంబరు మూత లోపల అచ్చు వేయకపోవడం నాకు నచ్చలేదు. సర్వీసుకు నేను సున్నా కంటే ఎక్కువ మార్కు వేయలేను. చిన్న లోపాలు మరికొన్ని ఉన్నాయి: తడి చేతులతో పిన్ను జారుతుంది, డ్రమ్ము వంచేటప్పుడు యంత్రం ముందుకు తూలకుండా కాళ్లను నేలకు బోల్టు చేయించుకోవలసి వచ్చింది, వోల్టేజీ తగ్గిన సాయంత్రాలు మోటారు మూలుగుతుంది. ఎర్తింగు మాత్రం కొన్న రోజునే సరిచూపించుకోవాలి. తడి నేల మీద స్టీలు యంత్రంతో పని చేసేది మన పిల్లలే.

రోజుకు మూడు నాలుగు వాయిలు రుబ్బే చిన్న హోటల్‌కు దీన్ని నిస్సంకోచంగా కొనమంటాను. అంతకు మించి గారెలు ఎక్కువగా అమ్మేవారు ఇంకా పెద్ద మోటారున్నది చూసుకోవడం మంచిది. కొనేటప్పుడు షాపులో వెనక మూత విప్పించి, బెల్టు మీది నంబరు అక్కడే రాసుకోండి. మేము ఆ నంబరును గ్రైండర్ పైన గోడ మీద ఎర్ర పెయింటుతో రాయించాము, కింద మేకుకు రెండు కొత్త బెల్టులు వేలాడుతున్నాయి. పాత గ్రైండర్‌ను తుక్కు కింద కొన్నవాడు ఇంకా అమ్మలేదని తెలిసి, కార్తీకం లోపు వెనక్కి ఇస్తాడేమోనని మావారు బేరమాడుతున్నారు.