మిగిలిన కూరలకి ఏది మేలు: ఫ్రిజ్జా, డాబానా, రోలా?

విశాఖలో మా ఇంటికి శనివారం సాయంత్రం ఆనందపురం వైపు తోట నుంచి కూరల సంచి వస్తుంది. సీజన్ మొదట్లోనే డబ్బు కట్టేశాం కాబట్టి ఆ వారం ఏది కాస్తే అదే మాది. ఎంవీపీ కాలనీ రైతు బజార్లోలా "అది వద్దు, ఇది అరకిలో" అనడానికి లేదు. ఇంట్లో ఉన్నది ముగ్గురం. వచ్చేదేమో రెండు ఆనపకాయలు, కిలో వంకాయలు, బీరకాయలు, గోరుచిక్కుళ్లు, తోటకూర, బచ్చలి, గోంగూర. మొదటి నెలంతా బుధవారానికల్లా తోటకూర నల్లటి ముద్దయ్యేది. డబ్బు సంగతి అలా ఉంచితే, సంచి తెచ్చిచ్చే రైతు "కూరలు బాగున్నాయా బాబూ" అని అడిగినప్పుడు తల ఎత్తలేకపోయేవాణ్ణి.

అందరిలాగే ముందు ఫ్రిజ్‌ని నమ్ముకున్నాం. ఆకుకూరలకి అది మేలే. వేళ్లు కోసేసి, కడక్కుండా, పొడి నూలుగుడ్డలో చుట్టి పెడితే నాలుగు రోజులు ఆగుతాయి. కడిగి ప్లాస్టిక్ కవర్లో కుక్కితే బయట పెట్టినదానికంటే ముందే కుళ్లుతాయి. వంకాయ, బెండకాయలకి మాత్రం 10 డిగ్రీల కంటే తక్కువ చలి పడదు. పైన గుంటలు, మచ్చలు పడతాయి, వంకాయ గింజలు నల్లబడతాయి. ఆనపకాయని కోయనంతవరకు గట్టు మీదే ఉంచొచ్చు. ఫ్రిజ్‌తో అసలు తంటా వేరు. లోపల పెట్టాం కదా అన్న ధీమాతో మర్చిపోతాం. పైగా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకాక రోజుల తరబడి కరెంటు లేక ఫ్రిజ్‌లు ఎలా కంపుకొట్టాయో ఈ ఊళ్లో ఎవరికి గుర్తులేదు?

తర్వాత వరుగుల మీద పడ్డాం. గోరుచిక్కుళ్లని ఉప్పునీళ్లలో ఒక ఉడుకు రానిచ్చి డాబా మీద చాప పరిచి ఆరబోశాను. అది సెప్టెంబరు. మధ్యాహ్నానికి గలగలలాడేవి. సాయంత్రం సముద్రం గాలి తిరిగేసరికి మళ్లీ తోలులా మెత్తబడేవి. మూడోరోజు వాన, నాలుగోరోజు బూజు. విజయనగరం వైపు పల్లెలో పెరిగిన మా అత్తయ్య ఫోన్లో నవ్వేసింది. "సముద్రం పక్కన కాపురం పెట్టి వానల్లో వరుగులేంటి బాబూ, ఎండాకాలం దాకా ఆగండి" అంది. నిజమే. మార్చి, ఏప్రిల్‌లో పొద్దున పెట్టి, పొద్దు వాలకముందే లోపలికి తెచ్చి డబ్బాలో మూత బిగిస్తే బాగానే కుదిరాయి. గోరుచిక్కుడు, కాకర, చల్లమిరపకాయల వరకే సుమా. ఒళ్లంతా నీరున్న ఆనపకాయని నేనైతే ఎండబెట్టను.

ఇక రోలు. దండగ పోకూడదంటే నా ఓటు దీనికే. బీరకాయ కూరకి పోతే తొక్కు పచ్చడికొస్తుంది. ఆనప తొక్కుకీ అదే దారి. వాడిపోతున్న వంకాయలు నాలుగు కాల్చి చింతపండు, పచ్చిమిర్చితో నూరితే కిలో కూర ఒక గిన్నెలోకి దిగిపోతుంది. కానీ రోటిపచ్చడి ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజుల ముచ్చటే. వారంలో మూడోసారి చేస్తే మా అమ్మాయి "మళ్లీ పచ్చడేనా నాన్నా" అని మూతి ముడుస్తుంది. బీపీ ఉన్నవాళ్లకి ఆ ఉప్పు కూడా మంచిది కాదు. గోంగూరది వేరే లెక్క. కడిగి, ఫ్యాన్ కింద తడి పూర్తిగా ఆరనిచ్చి, నీటిచుక్క తగలకుండా నూనెలో మగ్గబెడితే వారాల తరబడి నిలవుంటుంది.

ఈ మూడింటినీ తిప్పి తిప్పి వాడాక తెలిసింది, దాచడం కంటే వండే వరస ముఖ్యమని. శనివారం రాత్రే తోటకూర పప్పు. ఆదివారం కంద బచ్చలి, ఆవ పెట్టి. సోమవారం వంకాయలకి నువ్వులపొడి కూర. తోటకూర కాడలు మంగళవారం పులుసులోకి. గురువారం దప్పళం. అరముక్క గుమ్మడి, మిగిలిన ఆనప, నాలుగు బెండకాయలు, ఒంటరి ములక్కాడ, అన్నీ చింతపండు పులుసులో బెల్లంతో కలిసి మరుగుతాయి. మర్నాటికి ఇంకా రుచి. శుక్రవారానికి సంచి ఖాళీ.

రెండో ఆనపకాయ మాత్రం ఎప్పుడూ మిగిలేది. ఇప్పుడది శనివారమే కింద వాచ్‌మన్ ఇంటికి వెళ్తోంది. వాళ్లావిడ దాన్ని రొయ్యపొట్టు వేసి వండి, మాకో గిన్నె పైకి పంపిస్తుంది.