అరకు–పాడేరు ‘పుస్తకాల సెట్టు’ కొంటున్నారా? డబ్బు కట్టేముందు నాలుగు పేజీల ఫోటోలు అడగండి

కార్తీకం వచ్చిందంటే విశాఖలో వారాంతం బస్సులూ రైళ్లూ అన్నీ కొండల వైపే. అరకు, వంజంగి, లంబసింగి వెళ్లేముందు ఆ ప్రాంతం గురించి కాస్త చదువుకుందాం అనుకునేవాళ్లు మనలో ఉన్నారు. చాలా మంచి ఆలోచన. కానీ సరిగ్గా వాళ్లకే గాలం వేస్తూ ఒక ‘ఏజెన్సీ పుస్తకాల సెట్టు’ ఆన్‌లైన్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతోంది. నాలుగు పుస్తకాలు, ఒక మ్యాపు, 2,450 రూపాయలు. ‘అరుదైన ప్రతులు, పూర్తి మ్యాపులతో’ అని అట్టల ఫోటో ఒక్కటే పెడతారు. లోపలి పేజీ ఒక్కటీ చూపించరు. కట్ట విప్పాక బయటపడేది ఏమిటో, దాన్ని ముందే ఎలా పసిగట్టాలో కింద ఉంది.

సెట్టులో బరువైనది 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు (జిల్లా వివరాలన్నీ కూర్చి ప్రభుత్వం వేయించిన పుస్తకం) రీప్రింటు. అసలు పుస్తకంతో పేచీ లేదు. కొండల గురించి, పాత జమీల గురించి తెలుసుకోవాలంటే అది చదవాల్సిందే. గొడవంతా ఈ ప్రింటుతో. పాత గ్రంథాలయ ప్రతిని స్కాన్ చేసినవాళ్లు మడత మ్యాపును విప్పకుండా అలాగే అద్దం మీద బోర్లించారు. అందుకని మ్యాపు రావాల్సిన పేజీలో మడతల నీడలు, కాగితం వీపు, ఒక మూల నాలుగైదు ఊళ్ల పేర్లు, అంతే వచ్చాయి. ‘పూర్తి మ్యాపులతో’ అన్నది ఈ బూడిదరంగు పేజీనే. అసలు ప్రతి కుట్టు బైండింగు కాబట్టి బల్ల మీద పరిచినట్టు తెరుచుకుంటుంది. దీనికి గమ్ బైండింగు వేసి, లోపలి మార్జిను వదలకుండా కోశారు. ప్రతి ఎడమ పేజీలో వరస చివరి అక్షరాలు మడతలోకి పోతాయి. బలవంతంగా తెరిస్తే వీపు పగిలి పేజీలు ఊడి చేతికొస్తాయి.

ఇదే పుస్తకం ఇంకో రకంగానూ అమ్ముతున్నారు, అది మరీ ప్రమాదం. స్కాన్ బొమ్మను కంప్యూటరు చేత చదివించి, కొత్తగా టైపు చేసినట్టు ముద్రిస్తారు. చూడ్డానికి శుభ్రంగా, అక్షరం పెద్దగా ఉంటుంది. వర్షపాతం, జనాభా పట్టికల దగ్గరికి వెళ్లేసరికి నిలువు వరసలు కలిసిపోయి 3 కాస్తా 8 అవుతుంది, 1 కాస్తా ‘ఎల్’ అవుతుంది. దిద్దినవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే అమ్మేవాళ్లని మొదట అడగాల్సింది పట్టిక ఉన్న ఒక పేజీ ఫోటో. అది సరిగా ఉంటే మిగతాది చాలావరకు సరిగానే ఉంటుంది.

పాత పుస్తకాలు కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవలసినది ఇంకోటి ఉంది. పుస్తకం పేరులోని ‘విశాఖపట్నం జిల్లా’ ఏ ఏటిదో చూసుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం, కోరాపుట్ మన జిల్లావే. 1950లో శ్రీకాకుళం విడిపోయింది. 1979లో విజయనగరం విడిపోయింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. 1907 పుస్తకంలో ‘ఏజెన్సీ’ అంటే అందులో చాలా భాగం నేటి ఒడిశా. ఇది పుస్తకం తప్పు కాదు. ‘అరకు గురించి 500 పేజీలు’ అని చెప్పి అమ్మడం మాత్రం అబద్ధం.

రెండోది ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం. అసలు ఏడు సంపుటాలు, అక్షర క్రమంలో ఉంటాయి. సెట్టులో వచ్చేది ఒక్కటే సంపుటం, అట్ట మీద సంపుటం సంఖ్యే ఉండదు. బగతల గురించి మొదటి సంపుటంలో, గదబల గురించి రెండో దాంట్లో, కొండదొరలు, ఖోందుల గురించి మూడో దాంట్లో, పోర్జాల గురించి ఆరో దాంట్లో ఉంటుంది. ఒక్క సంపుటంతో మన్యం మొత్తం తెలిసే అవకాశమే లేదు. మొదటి ఎంట్రీ, చివరి ఎంట్రీ ఏమిటని అడగండి, ఏ సంపుటమో తేలిపోతుంది.

ఈ గ్రంథం విషయంలో ఇంకో మాట చెప్పకుండా ఉండలేం. మనుషుల ముక్కుల పొడవూ వెడల్పూ కొలిచి వాళ్లని జాతులుగా విభజించిన కాలంలో రాసినది అది. చరిత్ర పత్రంగా చదవాలి. దాన్ని చేతిలో పట్టుకుని సంతకి వెళ్లి ఎదురుగా కూర్చున్న అడ్డాకుల అమ్మని అందులోని వాక్యంతో పోల్చి చూడకూడదు. ఏ ముందుమాటా, ఏ వివరణా లేకుండా ‘గిరిజనుల జీవితం, తెలుసుకోండి’ అని పర్యాటకులకి అంటగట్టడం ఆ మనుషులకి చేస్తున్న అన్యాయం.

మూడోది తెలుగు గైడు. అసలు బాధ దీనితోనే, ఎందుకంటే సెట్టు కొన్నవాళ్లు ముందు తెరిచేది ఇదే. 120 పేజీలు, నిగనిగలాడే అట్ట, రచయిత పేరు లేదు. మన ఊళ్ల పేర్లని ఇంగ్లీషు అక్షరాల నుంచి మళ్లీ తెలుగులోకి మార్చారని రెండో పేజీకే తెలిసిపోతుంది. చాపరాయి అక్కడ ‘చపరై’. చాపలా పరుచుకున్న రాతి మీద నీళ్లు జారుతుంటాయి కాబట్టి ఆ పేరు. ఆ రాయి పేరులోంచే పోయాక చదివేవాడికి మిగిలేది ఏముంది? పాడేరు ‘పడేరు’ అయింది, బొంగు చికెన్ ‘వెదురు కోడి’ అయింది. కాఫీ తోట ఒక చోట ‘కాఫీ ఆస్తి’.

పేర్లతో ఆగితే సర్దుకోవచ్చు. అనంతగిరి అధ్యాయంలో మూసీ నది అక్కడే పుడుతుందని, హైదరాబాదు నుంచి రెండు గంటల ప్రయాణమని రాశారు. అది తెలంగాణలో వికారాబాద్ దగ్గరి అనంతగిరి. మన అనంతగిరి అరకు దారిలో ఉంది. రెండు ఊళ్ల సమాచారాన్ని ఒకే పేరు కింద కలిపి కుట్టేశారు. ఫోటో కూడా అక్కడిదే.

బొర్రా గుహల పేజీ ఇలాంటి గైడులన్నిటికీ గీటురాయి. ‘1807లో జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ కనుక్కున్నాడు’ అనే వాక్యం ఉందా చూడండి. జియోలాజికల్ సర్వే మొదలైందే 1851లో. లేని సంస్థ ఉద్యోగి 44 ఏళ్ల ముందు గుహలు ఎలా కనుక్కుంటాడు? పైగా అక్కడి ఊళ్లవాళ్లకి ఆ గుహలు తెలియనివి కావు. ఈ వాక్యం ఒకరి నుంచి ఒకరు ఎత్తిరాసుకుంటూ వస్తున్నారు. అది యథాతథంగా కనిపించిందంటే ఆ పేజీ రాసినవాళ్లు సరిచూసుకోలేదనే అర్థం. శిమిలిగుడ స్టేషన్ గురించి ‘దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్’ అన్నదీ అలాంటిదే. సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషన్‌కి ఒకప్పుడు ఆ పేరు ఉండేది. కశ్మీర్ లోయలో బ్రాడ్‌గేజ్ పడ్డాక ఆ మాట చెల్లదు. ఏ గైడులోనైనా ఈ వాక్యం వర్తమానంలో ఉంటే, లోపలి రైలు నంబర్లు, దారులు కూడా అంత పాతవే అనుకోండి. కోవిడ్ కాలంలో ప్యాసింజరు రైళ్ల నంబర్లు మారాయి, రాజమండ్రి నుంచి రంపచోడవరం, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారి వచ్చింది. ఈ గైడులో ఆ రహదారి మాటే లేదు.

లంబసింగిలో ‘మంచు కురుస్తుంది’ అని రాసి పక్కన హిమాలయాల బొమ్మ వేశారు. తెలుగులో మంచు అంటే పొగమంచూ మంచే, ఆకు మీద గడ్డకట్టిన మంచూ మంచే, హిమమూ మంచే. లంబసింగిలో దట్టమైన పొగమంచు ఉంటుంది, బాగా చలి పడిన తెల్లవారుజామున గడ్డి మీద గడ్డకట్టిన మంచు కనిపించవచ్చు. బొమ్మలో ఉన్నట్టు హిమం కురవదు. ఆ బొమ్మ చూసి పిల్లల్ని వెంటబెట్టుకుని రాత్రికి రాత్రి బయల్దేరినవాళ్లు ఘాట్ రోడ్డులో ముందు బండి కనిపించని పొగమంచులో ఇరుక్కుంటారు.

గైడు చివర ‘గదబ భాష పదాలు’ అని రెండు పేజీలు ఉన్నాయి. గదబలు మాట్లాడేది ఒకే భాష కాదు. గుతోబ్ ముండా కుటుంబానిది, ఒల్లారి ద్రావిడ కుటుంబానిది, రెంటికీ చుట్టరికమే లేదు. ఏ పదం దేనిదో చెప్పకుండా రెంటినీ ఒకే పట్టికలో కలిపారు. ఆ మాటలు అక్కడ పలికితే ఎదుటివాళ్లు నవ్వి ఊరుకుంటారు, మనకి ఏమీ తెలియదు. భాషల మీద ఆసక్తి ఉన్నవాళ్లకి 1969లో భద్రిరాజు కృష్ణమూర్తి కొండదొరల ‘కొండ’ భాష మీద వెలువరించిన వర్ణన ఉంది, అది పరిశోధన గ్రంథం. పర్యాటకుడికి అంత అక్కర్లేదు. అల్లూరి సీతారామరాజు అధ్యాయం కూడా ఒకసారి తిరగేయండి. 1879 నాటి రంపా తిరుగుబాటునీ, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో మొదలై 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చి చంపడంతో నాయకుణ్ని కోల్పోయిన పోరాటాన్నీ ఒకే కథగా కలిపేస్తే ఆ పుస్తకం పక్కన పెట్టేయొచ్చు.

నాలుగోది మన్యం నేపథ్యంగా వచ్చిన ఒక తెలుగు నవల. జిరాక్స్ ప్రతి. అట్ట రంగులు వెలిసి, ఒత్తులు ముద్దయిపోయి, ధర మీద స్టిక్కరు. ఇది నేరుగా పైరసీ, కాపీరైటు చట్టం కిందకి వస్తుంది.

ఐదోది ‘అరకు టోపోషీటు’ (ఎత్తుపల్లాలు చూపే సర్వే మ్యాపు) అని ఇచ్చిన మడత కాగితం. సర్వే ఆఫ్ ఇండియా పాత వరసలో అరకు ఊరు ఉన్న షీటు 65 జె/15, పాడేరు 65 జె/12, బొర్రా 65 ఎన్/3. ఈ సెట్టులో వచ్చింది మూడోది, అందులో అరకు ఊరే లేదు. అంతకంటే పెద్ద మోసం కొలతలో ఉంది. 1:50,000 అంటే కాగితం మీద 2 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. అలాంటి షీటులో 15 నిమిషాల (అంటే పావు డిగ్రీ) అక్షాంశం సుమారు 55 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. దాన్ని 36 సెంటీమీటర్లకి కుదించి ముద్రించారు, మూలన ‘1:50,000’ మాత్రం అలాగే ఉంచారు. మీరు 2 సెంటీమీటర్లు కొలిచి కిలోమీటరు అనుకుంటే నడవాల్సింది ఒకటిన్నర కిలోమీటరు పైమాటే, అదీ ఎత్తుపల్లాలు కలపకుండా. సాయంత్రం పొద్దుపోయే వేళ కొండ దిగేటప్పుడు ఈ తేడా చిన్నది కాదు. ఏ మ్యాపు కొన్నా రాతలో ఉన్న నిష్పత్తిని నమ్మకండి, కింద గీసిన కొలత గీతని స్కేలుతో కొలవండి. గీత కూడా మ్యాపుతో పాటే కుదించుకుంటుంది కాబట్టి అది అబద్ధం చెప్పదు. ఈ ప్రింటులో ఆ గీతనే కత్తిరించేశారు. అసలు ఓపెన్ సిరీస్ మ్యాపులు సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్లో నమోదు చేసుకుంటే దొరుకుతాయి, వాటి నంబర్ల పద్ధతి వేరు.

కాబట్టి డబ్బు కట్టేముందు అడగాల్సిన ఫోటోలు ఇవి: ప్రచురణ వివరాల పేజీ, విషయసూచిక, మ్యాపు, మధ్యలో పట్టిక ఉన్న ఒక పేజీ. ‘సీల్ తీయకూడదు’ అంటే అక్కడితో వదిలేయండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు) ఉంటే సరిచూడండి. 13 అంకెల్లో ఎడమ నుంచి ఒకటి, మూడు, ఐదు స్థానాల్లోవి అలాగే ఉంచి, రెండు, నాలుగు, ఆరు స్థానాల్లోవి మూడుతో గుణించి, చివరిదాకా అలాగే చేసి కూడితే మొత్తం సున్నాతో ముగియాలి. సెట్టులోని గైడు నంబరు ఈ లెక్కకి నిలవలేదు. నంబరు లేకపోవడం ఒక్కటే తప్పు కాదు, పాత పుస్తకాలకి ఉండదు. తప్పుడు నంబరు వేయడం తప్పు. బిల్లులో పుస్తకాల మీద జీఎస్‌టీ వేశారేమో కూడా చూడండి. అచ్చు పుస్తకాలకి అది సున్నా.

అసలు కొనాల్సిన అవసరమే లేనివి ఇందులో రెండున్నాయి. గెజిటీరు, థర్‌స్టన్ రెండూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. కాగితం మీదే చదవాలనుకుంటే ముందు ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలోనో, ఆంధ్ర విశ్వవిద్యాలయం వి.ఎస్.కృష్ణా గ్రంథాలయంలోనో అడిగి చూడండి.

ఇప్పటికే కొన్నవాళ్లు కవరు, బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచండి, లోపాలున్న పేజీలు ఫోటో తీయండి. ఫిర్యాదులో గెజిటీరుని ‘పైరసీ’ అని రాయకండి. కాపీరైటు గడువు తీరిన పుస్తకాన్ని ఎవరైనా అచ్చేసుకోవచ్చు, కాబట్టి ఆ మాట రాస్తే ఫిర్యాదు అక్కడే వీగిపోతుంది. ‘ప్రకటనలో చెప్పిన మ్యాపు లేదు, ఏడు సంపుటాల్లో ఒక్కటే ఇచ్చారు’ అని రాయండి. ప్రకటనకి సరిపోలని సరుకుని వెనక్కి తీసుకోనంటే ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. ‘నో రిటర్న్’ అని రాసుకున్నా అంతే. మీరు కొన్న ఆన్‌లైన్ వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయండి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు కొనుగోలుకి రుసుము లేదు, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, గడువు రెండేళ్లు. వాట్సాప్‌లో నేరుగా డబ్బు పంపినవాళ్లకి వేదిక అంటూ ఉండదు, అమ్మినవాడి చిరునామా సంపాదించడమే మొదటి పని.

ఫిర్యాదు తేలేదాకా సెట్టు ఇంట్లోనే ఉంచండి. తేలాక ఆ గైడునీ మ్యాపునీ పాత పుస్తకాల షాపుకి అమ్మకండి, అరకులో మీరు దిగిన హోమ్‌స్టేకి బహుమతిగా ఇచ్చి రాకండి. చింపి తూకానికి వేయండి.