వెన్నుపాము వాపు: ఐక్యామ్ దారా, వీక్యామ్ దారా?

తిరుపతి నుంచి నడిచి కొండెక్కడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఎప్పుడూ కిటకిటలాడే అలిపిరి, రెండోది శ్రీనివాస మంగాపురం వైపు మొదలయ్యే శ్రీవారి మెట్టు. వెన్నుపాములో వాపు వస్తే, రక్తంలోని తెల్లకణాలు లోపలికి దూరే తీరు నాకు అచ్చం ఇలాగే కనిపిస్తుంది. ఆ వాపు తగ్గించాలంటే ఏ దారి మూయాలన్నదే ప్రశ్న.

ఐక్యామ్-1 అలిపిరి లాంటిది. రక్తనాళం లోపలి గోడ మీద ఉండే ఈ అణువును న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు, లింఫోసైట్లు అనే తెల్లకణాల రకాలన్నీ పట్టుకుంటాయి. యాక్సిడెంట్‌లో వెన్నుపాము దెబ్బతింటే మొదట గుంపుగా వచ్చేవి న్యూట్రోఫిల్సే. కానీ ఇన్ని కణాలు నడిచే దారిని మూసేస్తే ఇన్ఫెక్షన్లతో పోరాడేదెవరు? బ్రెయిన్ స్ట్రోక్ వచ్చిన రోగుల్లో ఐక్యామ్‌ను అడ్డుకునే మందు వాడి చూస్తే మేలు జరగలేదు సరికదా, పరిస్థితి ఇంకా దిగజారింది.

రక్తనాళం గోడ మీదే ఉండే మరో అణువు వీక్యామ్-1 శ్రీవారి మెట్టు. వీఎల్ఏ-4 అనే కొక్కెం ఉన్న కణాలే, ముఖ్యంగా లింఫోసైట్లు, మోనోసైట్లు, దీన్ని పట్టుకుంటాయి. ఆ కొక్కేన్ని మూస్తే ఎలుకల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ (తెల్లకణాలే మెదడు, వెన్నుపాముల నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు) లాంటి జబ్బు ఆగిందని 1992లో తేలింది. అలా పుట్టిన నటాలిజుమాబ్ అనే మల్టిపుల్ స్క్లెరోసిస్ మందుకు 2004లో అమెరికా అనుమతి దొరికింది. మెదడుకు అరుదైన వైరస్ జబ్బు వస్తోందని 2005లో ఆపేశారు, 2006లో గట్టి షరతులతో మళ్లీ తెచ్చారు.

టెన్షన్ పూర్తిగా పోలేదు గానీ, నా ఓటు వీక్యామ్ దారిని మూయడానికే. కాకపోతే ఇది కొత్త కణాలను ఆపుతుందంతే, ఇప్పటికే తెగిన నరాన్ని అతికించదు.